మెంతిపొడి కాఫీ

మొదటి గుక్క నోట్లో పడగానే భవానీదేవికి మాగాయ గుర్తొచ్చింది. కాఫీ తాగుతుంటే మాగాయ గుర్తు రావడమేమిటి అనుకుంటూనే రెండో గుక్క కూడా తాగి, మింగాలో ఉమ్మాలో తెలియక, ఎడం చేత్తో వంటగట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మెంతులు. నిన్న మధ్యాహ్నం మాగాయ కోసం దోరగా వేయిద్దామని కూర్చుని, ఫోన్లో కూతురితో మాట్లాడుతూ కాస్త ఎర్రగానే వేయించేసి, మిక్సీ పట్టి, మాగాయలో కలపగా మిగిలింది స్టీలు డబ్బాలో పోసిన మెంతిపొడి. నోట్లోది సింకులో ఉమ్మేసింది. ఒక డబ్బా మూత తీసింది, పక్క డబ్బా మూత తీసింది. రెండూ ఒకే కొట్లో ఒకేరోజు కొన్నవి, అక్కచెల్లెళ్లలా ఒకటే పోలిక. ఒకదాంట్లో కాఫీపొడి సగానికి ఉంది, రెండోదాంట్లో మెంతిపొడి మీద మూడు చెంచాల గుంట పడి ఉంది. నిన్నటి నుంచి ఇల్లంతా మెంతుల ఘాటే, తలగడ గలీబులకి కూడా పట్టింది, ఆ ఘాటులో నిద్రలేచిన ముక్కు ఏం పసిగడుతుంది? పాత ఫిల్టరయితే పొడి వేసి, అదిమి, మరిగే నీళ్లు పోసేటప్పుడు మొహానికి ఆవిరి కొట్టేది, తెలిసిపోయేది. ఈ మెషిన్‌కి చెంచాలు లెక్కపెట్టి వేసి, నీళ్లు పోసి, మీట నొక్కి పెరట్లోకి వెళ్లిపోవడమే కదా. చుక్కలు మరీ నెమ్మదిగా పడుతున్నాయేమిటా అని ఒక్కసారి అనిపించింది కూడా, బోరునీళ్ల పాత తెట్టింకా అడ్డం పడుతోందేమోలే అనుకుంది. మెంతులు నానితే ఉబ్బుతాయని తనకి తెలీదూ?

నవ్వొచ్చింది. ముప్పయ్యేళ్ల సంసారంలో ఇంత తెలివితక్కువ పని ఎప్పుడూ చెయ్యలేదు, పక్కింటి వెంకటదుర్గకి చెబితే పడీ పడీ నవ్వుతుంది, సాయంత్రానికి వీధంతా నవ్వుతుంది అనుకుంటూ గ్లాసు సింకులో పెట్టబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సింకులో అప్పటికే ఇంకో గ్లాసుంది. ఆయన గ్లాసు. ఖాళీగా ఉంది. పావుగంట క్రితం ఇదే డికాషన్, ఇవే పాలు, ఇదే పంచదార కలిపి వీధరుగు మీద కూర్చున్న మొగుడికి తీసుకెళ్లి ఇచ్చింది. ఆయన ఫోన్ చెవికి ఆనించుకునే అందుకున్నాడు, ఒక గుక్క తాగాడు, ఫోన్‌కి చెయ్యడ్డం పెట్టి, "అబ్బ! ఇవాళ అదిరిపోయిందే భవానీ," అన్నాడు. అని మొత్తం తాగాడు. తాగి గ్లాసు తనే తెచ్చి ఇక్కడ పెట్టి మళ్లీ అరుగు మీదకి వెళ్లాడు. భవానీదేవి చేతిలో గ్లాసు గట్టు మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.

వేళాకోళం ఆడాడేమో. లేదు, ఆయనకి వేళాకోళం చేతకాదు, పెళ్లినాడు బావమరదులు చెప్పులు దాస్తే ఉత్తకాళ్లతో విడిదికి నడిచి వెళ్లిపోయిన మనిషి. మర్యాదకి తాగాడేమో. ఈ గడ్డ మీద మర్యాదకి తాగడం కొత్తేం కాదు. పోయినేడు అమ్మిన కొబ్బరి డబ్బులివ్వడానికి వచ్చిన షావుకారు కాశీవిశ్వనాథంగారికి తను పంచదారనుకుని ఉప్పేసి కాఫీ ఇస్తే, ఆ మహానుభావుడు కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చివరి చుక్క దాకా తాగి, "ఆయ్, చాలా బావుందండీ భవానీదేవిగారూ, మీ చేతి మహిమండీ," అని దణ్ణం పెట్టి వెళ్లాడు. కోనసీమలో కుడితి ఇచ్చినా అతిథి నోట బాగాలేదన్న మాట రాదు. అయితే ఆ మర్యాదలన్నీ గుమ్మం దాటి వచ్చినవాళ్లకి, మొగుడూ పెళ్లాల మధ్య మర్యాదేమిటి, అందులోనూ ఈయన దగ్గర, అందులోనూ కాఫీ విషయంలో.

కాఫీ విషయంలో నాగదుర్గాప్రసాదు పాతికేళ్లు భవానీదేవికి చూపించిన నరకం పగవాళ్లకి కూడా వద్దు. గ్లాసు అందుకునేవాడు, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు, తాగకుండానే తీర్పు చెప్పేసేవాడు. "పొడి పాతది." "పాలు రెండోసారి కాచేవు." "ఫిల్టరు నిన్న సరిగ్గా తోమలేదు." నిజంగానే తోమి ఉండేది కాదు, అదీ ఆవిడ ఏడుపు, ఎప్పుడూ ఆయనే రైటు. ఒకసారి ఆడపడుచుల ముందే గ్లాసు తిప్పి పంపేశాడు, పెద్దాడపడుచు గోడవైపు తిరిగి నవ్వుకుంది, ఆ నవ్వు పదిహేనేళ్లయినా అరగలేదు. రోజూ తెల్లారుజామున డికాషన్ దిగుతున్నంతసేపూ పరీక్ష రాసిన పిల్లలా గుండె దడదడలాడేది. పోనీ ఆయన ముక్కు ఊరికే వచ్చిందా, ఇంటికి అన్నం పెట్టిన ముక్కది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో గోతం మూతి విప్పి ఒక్కసారి వంగితే చాలు, ఇది ఎండలో ఎండింది, ఇది పొగలో ఎండింది, ఇది వానకి తడిసి మళ్లీ ఎండబెట్టిన సరుకు, అడుగున రెండు గుప్పిళ్లు ముక్కిపోయి ఉంటుంది చూడండి అని చెప్పేసేవాడు, గోతం తిరగేసి చూస్తే అక్షరాలా అంతే. "ప్రసాదుగారి ముక్కు పడితే ఇంక కాటా ఎందుకండీ," అనేవారు షావుకార్లు. ఆ ముక్కుకి మెంతుల కాఫీ తెలియలేదు. మెంతులకీ కాఫీకీ తేడా తెలియలేదు.

జ్వరం. ఆ రెండో కరోనా వేసవి, ఇద్దరికీ ఒకేసారి జ్వరం, చెరో గదీ, గోడకి అటూ ఇటూ దగ్గులే మాటలు. తనకి వాసన పోయింది, చారు మరిగి మాడి గిన్నె బొగ్గయినా తెలియలేదు. పదకొండో రోజు పెరటి వైపు కిటికీ తీస్తే కరివేపాకు వాసన గుప్పున కొట్టింది, చిన్నపిల్లలా గోడ మీద అరచేత్తో బాదింది. "ఏవండీ, నాకు వాసనొచ్చేసిందండీ, కరివేపాకండీ!" అవతల నుంచి రెండు దగ్గులు. తర్వాత ఆయన గొంతు, "నాకూ వచ్చేసిందే." ఎప్పుడొచ్చిందో, ఏ వాసన మొదట తెలిసిందో చెప్పలేదు, తను అడగలేదు. ఎందుకడగలేదు? బతికి బట్టకట్టామన్న సంతోషంలో ఎవరడుగుతారు? ఆ తర్వాత మొదటిరోజు వణుకుతూనే కాఫీ ఇస్తే ఆయన తాగి, "బావుంది," అన్నాడు. ఇరవయ్యారేళ్లలో మొదటిసారి. తను గదిలోకెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. జ్వరం మనిషిని మెత్తబరిచింది, చావుని చూసొచ్చినవాడికి డికాషన్ పల్చనైతే ఏమిటి చిక్కనైతే ఏమిటి అనుకుంది, అమ్మవారికి చీర మొక్కుకుని మొక్కు తీర్చింది కూడా. నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ తను సుఖంగా ఉంది, పొద్దున్నే గుండె దడలేకుండా నిద్రలేచింది, కాపురానికొచ్చాక ఎప్పుడూ లేనంత సుఖంగా ఉంది. ఆ సుఖమంతా ఒక చచ్చిపోయిన ముక్కు పెట్టిన భిక్షా?

మరి ఆ మెషిన్? గట్టు మీద నల్లగా, గాజు కూజాని పొట్టకి ఆనించుకుని కూర్చున్న ఆ మెషిన్ వైపు తిరిగింది. మొన్న శ్రావణంలో ఆయనే ప్రయాణం కట్టాడు, "నీకు తెల్లారగట్ల ఈ ఫిల్టరుతో పాట్లెందుకే, కాఫీ దింపే మెషిన్లొచ్చేయంట, పద అమలాపురం," అని. ఎన్నడూ చీర కొనడానిక్కూడా వెంట రాని మనిషి. తను ముస్తాబై వెళ్లింది. కొట్టు నడిపే కళ్యాణ్ అనే కుర్రాడు బల్ల మీద మూడు రకాలు పెట్టాడు. ఒకటి పొద్దున్న ఇన్నింటికి అని గంట పెడితే దానంతటదే మొదలెడుతుంది, ఒకటి ఒక్కరికే సరిపోయే బుల్లిది, ఒకటి ఇది, కింద వేడిరేకు, మీద గాజు కూజా, కాగితం బదులు కడుక్కునే జాలీ. తను జాలీ ఉన్నదే బాగుందంది, కాగితాలు అయిపోతే ఎక్కడ దొరుకుతాయి మన ఊళ్లో అంది. ఆయన మూడింటినీ తిప్పి తిప్పి చూసి ఒకే ఒక్క మాట అడిగాడు. "రోజూ ఒకేలా దిగుద్దా?"

"ఆయ్, గ్యారంటీ అండి," అన్నాడు కళ్యాణ్, "చెంచా కొలతుందండి, నీళ్లకి గీతుందండి, ఎవరు పెట్టినా ఎప్పుడు పెట్టినా ఒకటే రుచండి."

"అయితే ఇదే ఇచ్చెయ్యి," అన్నాడు, బేరం కూడా ఆడకుండా. దారిలో బస్సులో మెషిన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని తను ఎంత పొంగిపోయింది! మణికట్టు నొప్పి తను ఒక్కసారే చెప్పింది, గుర్తుపెట్టుకున్నాడు చూడు, అనుకుంది. మణికట్టూ లేదు మన్నూ లేదు. రోజూ ఒకేలా ఉంటే రోజూ ఒకే మాట చెప్పొచ్చు. దొంగకి తాళంచెవి దొరికినట్టు దొరికిందాయనకి మెషిన్. ఇంత చెడ్డగా తనెప్పుడూ ఆయన గురించి అనుకోలేదు.

దానితో కాపురం మొదట్లో ఎంత కష్టమైందో. నెలరోజులు పల్చటి నీళ్లే, డికాషన్ అనడానికే సిగ్గేసేది, వెంకటదుర్గ తాగి, "గోదారి కొంచెం ఎక్కువైందొదినా," అంది. గీత దాకా నీళ్లు పొయ్యకుండా సగమే పోసింది, పొడి సన్నగా ఆడించింది, అదిమితే జాలీ మూసుకుపోయి నీళ్లు పొంగి గట్టంతా వరదయింది, మళ్లీ బరకగా ఆడించింది, చికోరీ పెంచింది, తగ్గించింది. వేడిరేకు మీద కూజా వదిలేస్తే తొమ్మిదింటికి కషాయమయ్యేది. బోరునీళ్లు పోస్తే లోపల తెల్లటి తెట్టు, అప్పట్నుంచి దానికి కూడా తాగే నీళ్ల క్యానులోంచే. చివర్లో అది గుర్రుమని ఒక ముసలి నిట్టూర్పు విడిచి ఆగితే అయిపోయినట్టు. ఇలా ఒక్కొక్కటే నేర్చుకుంటూ ఆ నెలంతా రోజుకో రుచి ఇచ్చింది ఆయనకి. మరి ఆ నెలంతా ఆయన సరిగ్గానే చెప్పాడే! బాగా కుదరని రోజు, "ఇవాళ కొంచెం తగ్గిందే," అన్నాడు, కుదిరిన రోజు, "ఇదీ దారిలో పడ్డం," అన్నాడు. వాసన లేని మనిషికి అదెలా తెలిసింది? ఒక్క క్షణం భవానీదేవికి ప్రాణం లేచొచ్చింది. అంతా తన భ్రమేమో. ఇవాళ ఫోన్ ధ్యాసలో తాగేసి ఉంటాడు. గట్టు మీదున్న మెంతుల గ్లాసు మళ్లీ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ధ్యాస లేకపోతే మాత్రం ఇది తెలియకుండా ఎలా పోతుంది, దున్నపోతుకైనా తెలుస్తుంది. నాలుక చివర పెట్టుకుంది. చేదుంది, తీపుంది, వేడింకా ఉంది. ముక్కు లేని నాలిక్కి అంతకన్నా కాఫీ ఏముంది?

ఇంక ఒకదాని వెనక ఒకటి వద్దన్నా వచ్చేశాయి. అటక మీద ఎలుక చచ్చి మూడు రోజులు కుళ్లితే సరిగ్గా దానికిందే పడుకుని లేచాడు. కూరలో కారం చాలలేదనీ, ఊరగాయ కావాలనీ రోజూ గొడవ, ఆ మంట ఒక్కటే తెలుస్తోందేమో పాపం. రోజుకి రెండు స్నానాలు, రెండు చొక్కాలు, ఎవరికోసమండీ ఈ సోకులు అని తను మేలమాడింది. తన చెమట తనకి తెలియని మనిషి భయంతో మార్చుకుంటున్నాడని ఎవరికి తోస్తుంది? ఆరోజు గ్యాసు. తను పెరట్లో బట్టలారేసి వచ్చేసరికి పొయ్యి ఆరిపోయి గ్యాసు ఇల్లంతా నిండిపోయింది, ఆయన నట్టింట్లో పేపరు చదువుకుంటున్నాడు. తను కేకలేస్తూ తలుపులు తీస్తే, "పేపర్లో పడిపోయేనే," అని, లేచెళ్లి రెగ్యులేటరు రెండుసార్లు కట్టి చూసుకున్నాడు. తను అరగంట ఆలస్యంగా వచ్చి ఉంటే? కూతురు సత్యవేణికి ఆడపిల్ల పుట్టినప్పుడు, ఆస్పత్రిలో, మనవరాలి మాడు మీద ముక్కు ఆనించి అలా ఎంతసేపున్నాడో, కళ్లనిండా నీళ్లతో పిల్లని తన చేతిలో పెట్టేసి మెట్లు దిగి వెళ్లిపోయాడు. సంతోషం పట్టలేకపోయారు తాతగారు అని అందరూ నవ్వుకున్నారు, తనూ నవ్వింది.

అన్నిటికన్నా అవమానంగా తోచింది కొబ్బరి చిప్పలు. జ్వరం తర్వాత మార్కెట్ నుంచి కాగితంలో చుట్టి రెండు మూడు చిప్పలు ఇంటికి తెచ్చేవాడు. "నువ్వోసారి చూడవే, నీకేమనిపిస్తుంది," అనేవాడు. పాతికేళ్లు తనకి కాఫీపొడి వాసనే తెలియదన్నవాడు కొబ్బరి చూడమంటున్నాడు! తను వాసన చూసి, కొంచెం ముక్కిందండీ అనో, పొగ పట్టిందండీ అనో చెప్పేది, ఆయన తలూపి వెళ్లి అదే మాట అక్కడ చెప్పేవాడు. కాశీవిశ్వనాథంగారు ఒకసారి తన ముందే, "మొన్న ప్రసాదుగారు పొగ పట్టిందన్న సరుకు నిజంగానే మిల్లోళ్లు తిప్పి పంపేరండీ," అంటే తనకి ఒళ్లు పొంగింది, అది తన మాట, అంతమందిలో చెలామణీ అయిన తన మాట. ఇన్నాళ్లకి నా తెలివికి విలువిచ్చాడు అనుకుని నడకలో కూడా తేడా వచ్చింది, వెంకటదుర్గతో గొప్పలు పోయింది. విలువ కాదు, కర్ర. గుడ్డివాడు పట్టుకునే కర్ర. ఇంతలో అరుగు మీద నుంచి ఆయన గొంతు వినిపించింది, "ఆయ్, ఎనిమిదింటికి తెచ్చెయ్యండి కాశీవిశ్వనాథంగారూ, చిప్ప చూసి చెప్పేస్తాను." చిప్ప లోపలికి తెస్తాడు, తన చేతిలో పెడతాడు, నువ్వోసారి చూడవే అంటాడు. ఎంత చక్కగా అంటాడో!

కోపం వచ్చింది. నాలుగేళ్లు పక్కన పడుకుని ఒక్కమాట చెప్పలేకపోయాడా? తను బయట చాటింపు వేస్తుందనుకున్నాడా? కోపం వెంటనే భయం తోసుకొచ్చింది, ఇన్నాళ్లూ ఒక్కడే, ఏ వాసనా లేని లోకంలో, కొబ్బరి లేదు వాన లేదు మనవరాలి మాడు లేదు. వెళ్లి కాలర్ పట్టుకుని అడిగెయ్యాలనీ ఉంది, ఏమీ తెలియనట్టు ఊరుకోవాలనీ ఉంది. అడిగితే ఆయన ఔనంటే, ఇంక రేపట్నుంచి కాఫీ బావుందన్న మాట ఈ ఇంట్లో ఉండదు. ఊరుకుంటే, ఉంటుంది, ఉండి ఏం లాభం? ఏం చెయ్యాలో తోచని చేతులు వాటంతట అవే లేచాయి. జాలీలో జిగురుకట్టిన మెంతిముద్ద దులిపేసి, కూజా తోమి, ఉత్తనీళ్లు ఒకసారి దింపి పారబోసి, కాఫీపొడి డబ్బా మూత తీసి ఈసారి ముక్కు దాకా తెచ్చుకుని చూసి మరీ మూడు చెంచాలు వేసింది. ఆయనకి ఏడున్నరకి రెండో కాఫీ అలవాటు. మీట నొక్కి అక్కడే నిలబడింది. చుక్కలు పడ్డాయి, మెంతుల ఘాటుని చీల్చుకుంటూ కాఫీ వాసన లేచింది. గుర్రుమంది. కాచిన పాలు కలిపి ఒక్క చెంచాడు తను తాగి చూసింది. ఇంత బాగా ఈ మెషిన్ తెచ్చిన దగ్గర్నుంచి ఎన్నడూ కుదరలేదు.

గ్లాసు పట్టుకుని అరుగు మీదకి నడిచింది. ఎలా ఇవ్వాలో, ఏమనాలో అనుకోలేదు, మొహం ఎలా ఉందో కూడా ఆవిడకి తెలియదు. ప్రసాదు ఫోన్ పక్కన పెట్టి చెయ్యి చాచాడు. అప్పుడు చూసింది. గ్లాసు అందుకుంటున్న ఆయన కళ్లు గ్లాసు మీద లేవు. ఆవిడ మొహం మీద ఉన్నాయి. నుదుటి మీద ఆగి, కళ్ల దగ్గర ఆగి, పెదాల దగ్గర ఆగి, ఒకప్పుడు గోతంలోంచి తీసిన చిప్పని తిప్పి తిప్పి చూసినట్టు చూస్తున్నాడు. రోజూ ఇలాగే చూస్తాడా? నాలుగేళ్లుగా రోజూ ఇలాగే చూశాడా, తను ఎప్పుడూ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయిందా? ఒక గుక్క తాగాడు. మళ్లీ ఆవిడ మొహం చూశాడు.

"పర్లేదులేవే," అన్నాడు మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు, "ఒక్కోసారి మెషినైనా తప్పుద్ది."

మాగాయ పెట్టేశానన్న సంబరంతో తెచ్చిన మెంతుల నీళ్లు అదిరిపోయాయి. ఏడుపు దిగమింగుకుంటూ తెచ్చిన ఈ కాఫీ తప్పింది. తెట్టు కట్టిన రోజూ, గట్టు వరదైన రోజూ, చికోరీ ఎక్కువైన రోజూ ఆయన రుచి చదివింది తన మొహంలోనే. పాతికేళ్లు కన్నెత్తి చూడని మొహం ఇది. అది సంతోషమో దుఃఖమో ఆ క్షణాన భవానీదేవికే తెలియలేదు. పమిట కొంగు తీసుకుని, రెండు చేతులతో మొహం పూర్తిగా కప్పేసుకుంది.

"ఇప్పుడు చెప్పండి," అంది కొంగులోంచి. "కాఫీ ఎలా ఉంది?"

ఆయన ఇంకో గుక్క తాగిన చప్పుడైంది. గ్లాసు అరుగు మీద పెట్టిన చప్పుడైంది.

"తెలీదే భవానీ," అన్నాడు.